మర కింది దేశం

బడి మూతవడ్డ యేడు
వేలంల ముప్పై రూపాయలకు తెచ్చిన గ్లోబు.
ఆఫ్రికా ఎండకు వెలిసింది,
సముద్రాలు పెచ్చులు లేసినయ్.
నేను పోవాల్సిన జాగ మాత్రం కానరాదు.
అడుగున, స్టాండు కాలు కాడ,
వాషరు కింద ఉన్నది.
పది నంబరు పానతోని మర విప్పితే
గోరంత తెల్లరంగు,
నడుమ బొక్క.

"గీడికా నువ్వు పోయేది, గీ బొక్కలకా?"
అన్నది అండాలక్క.

చండూరు రోడ్డు మీద రేకుల షెడ్డు నాది.
కరెంటు పోతేనే యాదికొస్త అందరికి.
ఆడ ఇరవై ముగ్గురి పాణం
మూడు డీజిల్ ఇంజన్ల మీద నడుస్తదట,
పద్నాలుగు నెలలు.
కాయితం వచ్చింది:
మెడికల్ పాసైతే రావచ్చు, సైదులు.

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ.
నల్లగొండ గడియారం సెంటర్ల
ఉన్ని గ్లౌజులు అడిగితే
షాపాయన ఏమనలే,
కూలరు నా దిక్కు తిప్పిండు.

జహంగీర్ భాయ్ ఐస్ ఫ్యాక్టరీల
రోజూ పొద్దుమూకి గంటసేపు
దిమ్మెల నడుమ కూసోని
నట్లు విప్పుడు, బిగించుడు.
మొదటిరోజు ఏడు.
ఎనిమిదోది ఎప్పుడు జారిందో
వేళ్లకు తెల్వనే లేదు.
భాయ్ తలుపు సందులకెళ్లి అడుగుతడు,
"రెండు నెల్లు పొద్దే పొడవకుంటే
రోజా ఎప్పుడు ఇడుస్తర్రా?"
"ఇంకో రెండు నెల్లు పొద్దు గూకనే గూకదు భాయ్."
ఊక చల్లుతున్న చెయ్యి ఆగింది.
తెల్లారి మళ్లొచ్చి చెప్పిండు,
మౌల్సాబును అడిగిన,
ఆలోచించి చెప్తనన్నడు అని.

రాత్రి నోటుబుక్కుల రాసుకుంట:
డీజిల్ నెయ్యి లెక్క పేరుకుంటది.
ఇనుము సకినం లెక్క ఇరుగుతది.
చెమట పట్టద్దు,
పడితే అదే ఒంటిమీద గడ్డకట్టి చంపుతది.
గీ మాటకు మా కొల్లాపూర్ మామ
కడుపుబ్బ నవ్విండు.
ఏ రాష్ట్రంల కాలువ తవ్వినా ఆ మట్టిల ఆయన చెయ్యున్నది.
"శానామంది మేస్త్రీలను చూసిన గని
చెమట పట్టద్దనేటోన్ని చూడలే బిడ్డా.
కూలి ఎంతిస్తడు?"

ఢిల్లీల డాక్టరమ్మ నోరు తెరువుమన్నది.
పండ్ల మీద గోధుమ చారలు చూసి
"గుట్కానా?"
"నీళ్లు" అన్న.
ఇంకేం అడగలే.
మోకాళ్ల ఫొటో లైటుకు పెట్టి
శానాసేపు చూసింది.
మా దిక్కు బొక్కంటే రెండు,
భూమిల ఏసేదొకటి, ఒంట్ల ఉండేదొకటి.
ఆమెకు రెండూ ఒక్కకాడనే కనవడ్డట్టున్నయ్.
"వంగు" అన్నది. వంగిన.
"లేవు" అన్నది. లేచిన.
లేస్తుంటే అక్క యాదికొచ్చింది.
నాకంటె ఆరేండ్లు పెద్దది,
ఆ బోరు నీళ్లు ఆరేండ్లు ఎక్కువ తాగింది.

రిపోర్టు ఇంక రాలే.
రాకున్నా సంచి సగం సర్దిన:
నాలుగు ఫీలర్ గేజీలు, పుంటికూర పచ్చడి,
ఎవల కోసమో తెల్వదు గని రెండు దువ్వెనలు.

మంచంల కూసొని అక్క అడిగింది
"ఆడ నీళ్లు?"
"మంచు కరగబెట్టుకుంటరు.
మన తాతల తాతలు పుట్టకముందు పడ్డదట."
"రుచి?"
"ఏ రుచీ ఉండదట."
అక్క కాసేపు నోట్లనే ఏదో చప్పరించింది.
"ఓ సీసెడు తెస్తవా?"
"తేవద్దు. గులకరాయి గుడ తేవద్దు.
ఏం ఇడిసిపెట్టద్దు గుడ,
మన ఉచ్చ డ్రమ్ములల్ల పోసి వాపసు పంపుతరట."
"గంత పాయిరమా ఆ నేలంటె?"

నేను జవాబు వెతుకుతుంటే
గ్లోబు ఒళ్లెకు తీసుకున్నది.
తలకిందులు చేసింది.
వంకరవోయిన చిటికెన వేలు
ఆ బొక్కల పెట్టి చూసి
సల్లగ లేదన్నది.