గుండుకో గుక్కెడు

ఏప్రిల్‌లో మామీ నది నడుములోతున మనుషుల్ని మోస్తుంది.
వాలై చేపల కోసం రబ్బరు సూట్లేసుకుని
భుజాలు రాసుకుంటూ వరసగా నిలబడతారు.
కొత్తగా చూసేవాళ్లకి పటాలం దిగినట్టే ఉంటుంది.
ఎవరూ ఎవర్నీ చంపడానికి రాలేదు,
చేపల్ని తప్ప.

కోట గట్టుమీద.
అక్కడ గడ్డి కోసేది నేను, పదకొండేళ్లుగా.
దుంగల గోడ నాకన్నా చిన్నది.
పాతవి పుచ్చిపోతే కొత్తవి లారీల్లో తెప్పించి పాతారు,
మందు పట్టించిన కలప, చెద ముట్టదు.
వాన కురిస్తే ఆసుపత్రి వాసనేస్తుంది.
టికెట్ కౌంటర్లో ఈ సంగతి చెప్పరు.

అసలువి మట్టికట్టలే.
అవతలి ఒడ్డు ఫిరంగులకు అడ్డంగా
రెండొందల ఏళ్ల కింద, వానలో, జ్వరాలతో
మీసాలు సరిగా రాని కుర్రాళ్లు పారలతో ఎత్తిపోసినవి.
వాటిమీద మిషను అడ్డంగానే నడపాలి,
నిలువుగా పోనిస్తే మనల్ని కింద పడేస్తుంది.
మొదటి ఏడే నేర్చుకున్నాను.

శనివారం రెండింటికి ఎల్డన్ క్రౌజ్ చచ్చిపోతాడు.
వారమంతా ట్రాక్టర్లు బాగుచేసే మనిషి.
ఉన్నికోటు, తగరపు బొత్తాలు, లోపల మోకాలికి పట్టీ.
పడేముందు చీమల్లేని చోటు చూసుకుంటాడు.
పిల్లలు చప్పట్లు కొడుతుంటే
ఒక కన్ను తెరిచి ఎందరొచ్చారో లెక్కపెట్టుకుంటాడు.

లేచి, దుమ్ము దులుపుకుని, కథ చెబుతాడు.
లోపల గుండ్లు తక్కువట.
శత్రువు పేల్చిన గుండుని మట్టిలోంచి తవ్వి తెస్తే
గుండుకో గుక్కెడు విస్కీ.
అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేవాణ్ణి.
గుక్క దిగాక ఆ గుండు
తిరిగి ఎవరి మీదికి వెళ్లిందో
తాగినవాడు అడిగి ఉండడు. నేనూ అడగలేదు.

నిరుడు ఇదే నెలలో ఓక్లహోమా నుంచి ఒకావిడ వచ్చింది.
పేరు వర్డీన్. వైయాన్‌డాట్‌ల మనిషి.
డెబ్బై దాటి ఉంటాయి, చేతికర్ర, ఎర్రటి గాలికోటు.
టికెట్ కొంది, ముసలివాళ్ల రాయితీ అడిగి మరీ.
లోపలికి మాత్రం రాలేదు.
గోడ చుట్టూ బయటినుంచే నడిచింది.
"మావాళ్లు ఇటుండేవాళ్లు" అంది,
పెళ్లి ఫోటోలో ఎవరెక్కడ నిలబడ్డారో చూపించినట్టు.

ఇటు అంటే ఇప్పుడు కార్లు ఆపే చోటు.
రెండు బల్లలు, ఒక చెత్తడబ్బా.
"నీడ ఉందిలే" అంది.

తుపాకి కన్నం దగ్గర ఆగి
"లోపలినుంచి నేనెంత కనబడతాను?" అంది.
మిషను ఆపి, చుట్టూ తిరిగి, లోపలికెళ్లి చూశాను.
ఒక కన్ను, కోటు జిప్పు,
వెనక నదిలో చేపలవాళ్లు, చిటికెన వేలంత.
"ఎంత?" మళ్లీ అడిగింది.
బెత్తెడని చేత్తో చూపించాను.
గోడ అడ్డమన్న సంగతి తర్వాత తట్టింది.
"బెత్తెడు" అని అరిచాను.
అటునుంచి నవ్వు. "నువ్వూ అంతే."

నా షెడ్లో ఒక ఇనప ముద్ద ఉంది.
కోతమిషను బ్లేడు విరగ్గొట్టింది,
ఆఫీసులో ఇవ్వాలి, ఇవ్వలేదు.
తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.
బరువు చూసింది, బజార్లో గుమ్మడికాయని చూసినట్టు.
"ఎవరిది?"
తుప్పుకి ఊరూ పేరూ ఉండదన్నాను.
తిరిగిచ్చేసి, గుక్కెడు నీళ్లడిగింది.

ఫ్లాస్కు మూతలో పోసిచ్చాను.
సగం తాగి, మిగతాది
మట్టికట్ట మొదట్లో పోసింది, ఏమీ అనకుండా.

ముద్ద ఆఫీసులో ఇచ్చేశాను, సోమవారం.
ఆ చోట గడ్డి మామూలుగానే పెరుగుతుంది.
మామూలుగానే కోస్తాను, అడ్డంగా.