ముక్కు రంధ్రాలు రెండు

నడి ఎండ సెలవు సెప్టెంబరు పదిహేనుతో అయిపోయింది.
ఎండకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.
మిర్ఫా రేవు నుంచి రెండు గంటల దూరం,
బార్జి మీద అరవైమంది,
పైకప్పు కొసన ప్లాస్టిక్ కుర్చీ, దుర్భిణి, నేను.

నా పని చూడటం.
సుత్తి లేవబోయే ముందు అరగంట
చుట్టూ అయిదు వందల మీటర్ల నీళ్లను
పేలు చూసినట్టు పాయ పాయగా చూడటం.
ఏమీ లేకపోతే "లేదు" అని రాయటం.
జీతం ఎక్కువగా ఆ మాటకే.

నేర్పింది మరిసెల్. సెబూ దీవి మనిషి.
"డాల్ఫిన్ పేరంటానికొచ్చినట్టు వస్తుంది, చూడమని.
కడలి ఆవు అలా కాదు,
అప్పులవాణ్ణి చూసినట్టు చూస్తుంది మనల్ని.
రెండు ముక్కు రంధ్రాలు పైకొస్తాయి,
ఒక తుమ్ముకు పట్టేంత సేపు.
అప్పుడే నువ్వు కళ్లు నులుముకున్నావా,
నీ పుస్తకంలో ఆ జంతువు పుట్టనే లేదు."

మా సూరాడ ఇంటివాళ్ల కళ్లు
నీటి రంగును బట్టి
కవళ్ల గుంపు ఎటుందో చెప్పేవి.
పట్టుకోవడానికి చూసే చూపు అది.
వదిలిపెట్టడానికి చూడటం
ఇక్కడికొచ్చాకే వచ్చింది నాకు.

తొమ్మిది నలభై ఒకటి.
ఈశాన్యాన, మూడు వందల పది మీటర్లు.
నూనె మెరుపు అనుకున్నాను.
మెరుపు ఊపిరి వదిలింది.
పక్కన ఇంకోటి, కొబ్బరి చిప్పంత,
తల్లి వీపుకు అతుక్కుని.
రేడియోలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది:
"ఆపండి."

ఆగాయి.
క్రేను, సుత్తి, కంప్రెసరు,
చివరికి బార్జి పెద్ద విన్సెంట్ తిట్లు.
అరవైమంది ఎక్కడివాళ్లక్కడ
కంటైనర్ల నీడలోకి జరిగారు.
మెట్‌పల్లి రాజనర్సు హెల్మెట్ తీసి
అందులోనే నీళ్లు పోసుకుని తల ముంచాడు.
ఎవరో ఖర్జూరాలు పంచారు.
అడుగున అది గడ్డి మేస్తోంది,
పైన మేము నెమరేస్తున్నాం.

యాభై రెండు నిమిషాలు.
ఎంత నష్టమో విన్సెంట్ డాలర్లలో చెప్పాడు.
నీడ ధర ఆ లెక్కలో లేదు.

మర్నాటి నుంచి రాజనర్సు
పొద్దు నెత్తికెక్కే వేళకు నిచ్చెన కింద నిలబడతాడు.
"అన్నా, ఇయ్యాల రాలేదా మన ఆవు?
ఒక్కటన్న రాయరాదే.
సముద్రం ఏమన్న సాక్ష్యం చెప్తదా?"
నవ్వుతూనే అడుగుతాడు.
పెదాలు పగిలి ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

విన్సెంట్ నిచ్చెనెక్కి పైకే వస్తాడు, చల్లటి డబ్బాతో.
"మూడొందల పదా?
అయిదొందల పది అయ్యుండొచ్చు కదా,
ఈ ఎండలో దూరాలు మోసం చేస్తాయి."

ఒకరికి లేని ఆవు కావాలి.
ఒకరికి ఉన్న ఆవు వద్దు.
నా దగ్గరున్నది ఒకే పెన్సిలు.

నిన్న పన్నెండుంబావుకు
ముందు రాజనర్సు మోకాళ్లు మడతపడ్డాయి,
తర్వాత రాజనర్సు.
నలుగురు మోసుకెళ్లారు.
సుత్తి తన లెక్క తను పెట్టుకుంటూ పోయింది,
దెబ్బ, దెబ్బ, దెబ్బ.
సెలైన్ ఎక్కాక లేచి కూర్చుని
చాయ్ అడిగాడట.

రాత్రి ఫారం నింపుతున్నాను.
గాలి: వాయవ్యం. అలలు: రెండు. నీటిపై ఎండ మెరుపు: తీవ్రం.
కడలి ఆవులు: లేవు.
డాల్ఫిన్లు: లేవు.
ఇంతవరకూ ఒక్క అబద్ధం లేదు.

అట్టడుగున "ఇతర పరిశీలనలు" అని
రెండు గీతల ఖాళీ ఉంటుంది.
మరిసెల్ ఎప్పుడూ అక్కడ అడ్డగీత కొట్టేది.
పెన్సిలు చెక్కాను. మళ్లీ చెక్కాను.
రాశాను:

క్షీరదం. ఒకటి. మగ. పెద్దది.
సుత్తికి దూరం: ముప్పై మీటర్లు.
ప్రవర్తన: నోరు తెరిచి ఊపిరికి వెతుక్కుంది, పడిపోయింది.
పని ఆపిన నిమిషాలు: సున్నా.