కోల్డ్ స్టోరేజీలో ఆట

గుంటూరు దాటి ఏటుకూరు రోడ్డు మీద మా కోల్డ్ స్టోరేజీ.
మూరెడు మందం గోడలు, వాటి లోపల థర్మకోల్,
ఆ లోపల లక్షా పదివేల టిక్కీల మిరపకాయ
ఎండాకాలాన్ని కడుపులో పెట్టుకుని చలికి పడుకుంటుంది.
ఘాటు బయటికి పోదు.
సిగ్నలు లోపలికి రాదు.

రాత్రి డ్యూటీ నాది, ఆవక జావక రాయడం.
లారీకీ లారీకీ మధ్య రెండేసి గంటల ఖాళీ.
ఫోను తీస్తే గుండ్రంగా తిరిగే చక్రం.
కనెక్ట్ అవుతోంది, అంటుంది.
పదకొండింటికీ అదే మాట, ఒంటిగంటకీ అదే మాట.

నాలుగు జీబీల ఆట నా ఫోన్లోనే ఉంది.
ఆ పాడుబడ్డ రేవు, తుప్పు పట్టిన క్రేను,
రెండో అంతస్తు కిటికీలోంచి కనబడే మెట్ల మలుపు,
అన్నీ నా జేబులోనే.
తలుపు తీసే చెయ్యి మాత్రం
ఏ సముద్రం అవతలో ఉందట.
సొంతింటి తాళంచెవి కోసం
రోజూ పరాయి ఊరు పోయి అడుక్కున్నట్టు.

నేనడిగేది పది బాట్లు.
తెలివితక్కువవైనా సరే.
గోడకి మొహం ఆనించి నడుస్తూనే ఉండేవి,
గ్రెనేడు తమ కాళ్ళ దగ్గరే పారేసుకునేవి,
చచ్చి, లేచి, మళ్ళీ అదే సందులోంచి వచ్చేవి.
పేర్లు నేను పెట్టుకుంటాను.
ఒకడికి మా మేనేజరు పేరు.
ఇంకొకడికీ మా మేనేజరు పేరే.

సిగ్నలున్న చోట ఆడొచ్చుగా అంటారు. ఆడాను.
ఆదివారం, కొరిటెపాడులో మా అక్కావాళ్ళ డాబా మీద,
నిండా నెట్టు.
మైకులో ఒక్కసారి, "వెనకాల ఉన్నాడు, చూస్కో" అన్నాను. అంతే.
"ఒరే, ఆడగొంతు రా!"
తుపాకులు దించి నా జట్టువాళ్ళే చుట్టూ మూగారు.
ఏ ఊరు, ఎవరన్నా ఉన్నారా, నంబరివ్వు,
ఇవ్వనన్నాక వాళ్ళన్నవి
ఈ కాగితం మీద పెట్టను.

బాటుకి నా గొంతుతో పనిలేదు.
అది నన్ను చంపాలనుకుంటుంది, అంతవరకే.
ఎంత మర్యాద!

కాటా గది గడప దగ్గర వాచ్‌మన్ నాగూర్ వలి
సుద్దముక్కతో పులిజూదం గీసుకుని కూర్చుంటాడు.
మేకలకి మిరప తొడిమలు, పులులకి మూడు నట్లు.
అటూ తనే, ఇటూ తనే.
పులిని జరిపి, లేచి, చుట్టూ తిరిగొచ్చి
మేకల వైపు గొంతుక్కూచుని తల గోక్కుంటాడు,
ఇందాక తనేం పన్నాడో తనకే తెలియనట్టు.
"ఎవరు గెలిచారు మామా?"
"మేకలే. మూడ్రోజుల్నించీ పులికి కలిసి రాట్లేదు."

మొన్న గేటు దగ్గర రెండు గీతలు దొరికినప్పుడు
ఒక కబురు దిగింది.
సెప్టెంబరు ముప్పయ్యిన సర్వర్లు మూసేస్తున్నాం,
ఇన్నాళ్ళూ మాతో ఆడినందుకు ధన్యవాదాలు.
ఇక ఆ రేవు, ఆ క్రేను, ఆ మెట్ల మలుపు
నా ఫోన్లో ఉండి కూడా ఉండవు.
ఇక్కడ మిరపకాయని రెండేళ్ళు దాస్తాం,
కరెంటు పోతే జనరేటరు వేసి మరీ.

నా మొహం చూశాడేమో, నాగూర్ వలి పిలిచాడు.
"రా కృపమ్మా, మేకలు నువ్వాడు."
కూర్చున్నాను.
ఆయన చెయ్యి పులి మీదికి వెళ్ళి ఆగింది,
నన్ను చూసింది, వెనక్కొచ్చింది.
పది ఎత్తుల్లో మూడు పులులూ కట్టుబడిపోయాయి.
సిగ్గుపడుతూ నట్లు ఏరుకున్నాడు.
"నువ్వు ఫోనే ఆడుకో తల్లీ.
ఎదురుగా మనిషుంటే నాకు ఎత్తు మర్చిపోద్ది."

గేటు బయట హారను.
తేజా రకం, నూట ఎనభై టిక్కీలు,
రాక రెండూ నలభై.
రాసి తలెత్తేసరికి
మేకల వైపుకి తిరిగొచ్చి కూర్చున్నాడు,
ఎవరో బలమైనవాడు ఎదురున్నట్టు
చూస్తున్నాడు.