ఎక్కడ అనే గడి

సుద్దముక్క జేబులోనే మెత్తబడే ఊరు మాది.
చిలోయెలో వాన ఆగిందంటే
మరో వాన ఊపిరి పీల్చుకుంటోందని అర్థం.
కట్టెల పొయ్యి చుట్టూ పదకొండుమంది పిల్లలు,
తీగ మీద పదకొండు జతల మేజోళ్ళు,
ఉన్నీ పొగా ఉడికిన బంగాళాదుంపలూ
కలిసి వాసనేసే ఒకే ఒక్క గది.

కథ చదివించాను.
గొర్రె తప్పిపోయింది, పిల్లాడు వెతకబోయాడు,
సముద్రం పోటు మీదుంది.
అందరూ గడగడా చదివేశారు
పడవ మోటారు తిరిగినట్టు.
ఏమిటర్రా కథ అంటే
"గొర్రె, టీచర్" అన్నాడు ఎలెయుతేరియో.
గొర్రె ఏమైంది?
"గొర్రే, టీచర్."

పిండి సంచి కాగితం విప్పి నేల మీద పరిచాను.
నాలుగు గడులు గీశాను.
ఎవరు. ఎక్కడ. చిక్కేమిటి. ఎలా వీడింది.
గడికీ గడికీ మధ్య బాణం.
పట్నంలో రెండ్రోజుల శిక్షణలో నేర్పిన విద్య,
మధ్యాహ్నం ఎండు రొట్టెతో సహా.
కథకి ఎముకలు కనబడాలన్నారు అక్కడ.
పుట్టినప్పటి నుంచీ చేప తినే పిల్లలకి
ముళ్ళ సంగతి నేను చెప్పాలా?

చిక్కు గడిలో నవెల్ "పోటు" అని రాశాడు.
రోసాల్బా అది కొట్టేసి "చీకటి" అని రాసింది.
జుట్లు పట్టుకునేలోగా
రెండు సున్నాలు చుట్టాను ఒకదాని మీదికొకటి ఎక్కేటట్టు,
వేడి గ్లాసులు దించిన చోట మిగిలే మరకల్లా.
పోటుకొకటి, చీకటికొకటి.
రెండూ కలిసిన చోట ఏముంది?
చాలాసేపు పొయ్యిలో కట్టె ఒక్కటే మాట్లాడింది.
ఆఖరికి ఎలెయుతేరియో,
గొర్రె తప్ప మరో ముక్క పలకని ఎలెయుతేరియో,
"రెండూ మనం ఆగమంటే ఆగవు" అన్నాడు.
శిక్షణలో ఎవరూ చెప్పలేదు నాకీ మాట.

ఇక మీ మీ కథలు రాయండన్నాను.
ఎడెల్మీరా కాగితం తెచ్చింది.
మూడు గడులు నిండాయి.
ఎక్కడ అనే గడి ఖాళీ.
ఇంట్లో జరిగిందేగా, ఇల్లు అని రాయి.
"ఇల్లే వెళ్ళిపోయింది, టీచర్."

కంచె విషయంలో అమ్మకీ పెద్దమ్మకీ చెడింది.
అమ్మ ఇల్లు తీసుకుని వెళ్ళిపోదామంది.
తీసుకునే వెళ్ళారు.
కింద దుంగలు, ముందు తొమ్మిది జతల ఎడ్లు,
ఊరు ఊరంతా తాళ్ళు పట్టుకుని కేకలేస్తుంటే
కిటికీ తెరలైనా విప్పకుండా ఇల్లు ఒడ్డుకి దిగింది.
పీపాలు కట్టారు. పోటు వచ్చి ఎత్తుకుంది.
నాలుగు పడవల వెనక
చెక్క పెంకుల ఇల్లు తల తడవకుండా ఈదింది.
పిల్లి దిగనే లేదు,
అటక మీద కూర్చుని అవతలి ఒడ్డుకి చేరింది.
మనం ఇంటికి చేరాకే కదా కథ కంచికి చేరాలి,
ఈ పిల్ల కథలో ఇల్లే ముందు బయల్దేరింది.

చివరి గడి చూశాను.
ఎలా వీడింది అన్న చోట
"వీడలేదు. పెద్దమ్మ కూడా వచ్చి లాగింది."
మాట్లాడుకున్నారా?
"లేదు. తాడు మాత్రం ముందు వరసలో పట్టుకుంది."
మరి చిక్కు వీడాలి కదమ్మా, కథ అన్నాక.
నా వైపు జాలిగా చూసింది.
"ముడి వీడుంటే ఇల్లు మునిగేది కదా, టీచర్."

కత్తెర తీశాను.
ఎక్కడ అనే గడిని నాలుగంచులా కత్తిరించి
దాని చేతిలో పెట్టాను.
వేలితో తోసుకుంటూ
కాగితం ఈ చివర్నుంచి ఆ చివరికి,
బాణాల మీదుగా, చిక్కు మీదుగా, అమ్మ మీదుగా
మెల్లగా, కుదుపు లేకుండా నడిపించింది.
మధ్యలో ఒకసారి ఆపింది.
పిల్లి కోసమట.

నెల తర్వాత తనిఖీకి వచ్చిన పెద్దాయన
గోడ మీది కాగితం ముందు ఆగాడు.
ఈ కన్నమేమిటి? ఇక్కడుండాల్సిన గడి ఏది?
నేను నోరు తెరిచేలోపు
వెనక బెంచీలోంచి
"గొర్రె తినేసింది, సార్."

ఆయన చేతిలో కూడా గడులున్న కాగితమే ఉంది.
ఈ జవాబు ఏ గడిలో రాయాలో తోచక
కలం మూత తీసి
కాసేపు వాన చూస్తూ నిలబడ్డాడు.