ఎటు తిప్పినా

బల్లార్షా పేపర్ మిల్లులో, పరీక్షల గదిలో
నా పని చింపడం.
పద్దెనిమిదేళ్లుగా చింపుతున్నాను, జీతానికి.

ప్రతి రీలు నుంచీ రెండు పట్టీలు కోస్తాను,
యంత్రం పరిగెత్తిన వైపు ఒకటి, దానికి అడ్డంగా ఒకటి.
మొదటిది గీత గీసినట్టు చినుగుతుంది.
రెండోది మొండికేసి, వంకరపోయి,
అంచున పీచు వేలాడేసుకుని వస్తుంది.
చూడటానికి రెండూ ఒకే తెలుపు.

అడవిలో ఉన్నన్నాళ్లూ వెదురుకు ఒకటే దిక్కు, పైకి.
నరికి, ఉడికించి, గుజ్జు చేసి
దాన్ని మరిపించామనుకుంటాం.
తొట్టిలో గంజిలా తేలుతున్నప్పుడు నిజంగానే
ఏ పీచు ఎటు చూస్తుందో ఎవరికీ పట్టదు.
జాలీ మీదికి దూకిందా,
అన్నీ తలలు తిప్పేస్తాయి ప్రవాహం పోయేవైపు,
రేషన్ షాపు తలుపు తీసిన చప్పుడు విన్నట్టు.

తొమ్మిదో తరగతిలో ఖోబ్రగడే సార్
"దిక్కు లేని వస్తువు ఒక్కటి తెండి రేపు" అన్నాడు.
ఆయన అన్నది మరాఠీలో.
నేను మనసులో తెలుగు చేసుకుంటే
పాపం ఆ వస్తువు అనాథ అయిపోయింది.

డిపోలో రంపం లాగే ఆసంపల్లి మల్లయ్య కొడుకు
టేకు ముక్క తెచ్చాడు. సార్ ఉలి పెట్టి కొడితే
నిలువునా ఇట్టే విచ్చుకుంది, అడ్డంగా ఉలే వెనక్కి ఎగిరింది.
గనివాళ్ల పిల్ల తెచ్చిన బొగ్గు పొరల వెంట విడిపోయింది.
నా గోలీ మాత్రం నెగ్గింది.
"గుండ్రంగా ఉందని కాదు" అన్నాడు సార్,
"గాజు లోపల వెలుగు ఎటు నడిచినా ఒకటే నడక."
ఆ సాయంత్రం వార్ధా నదిలో మునిగి
తల ఎటు తిప్పినా చెవిని నీళ్లు
ఒక్కలాగే నొక్కడం లెక్కపెట్టుకున్నాను.

మా రేకుల మీద యాంటెన్నాకు
ఆ గుణం లేదు.
ఉత్తరానికి తిప్పితే మరాఠీ వార్తలు,
దక్షిణానికి తిప్పితే తెలుగు సినిమా, సగం వాన పడుతూ.
కింద నుంచి నాన్న: "వచ్చిందా?"
పైనుంచి నేను: "పోయింది!"
మధ్యలో ఎక్కడో ఏ భాషా లేక
తెర నిండా చుక్కలు, బుస్సుమనే హోరు.
మర్నాడు సార్ చెప్పాడు, ఆ చుక్కల్లో కొన్ని
భూమి పుట్టకముందు బయల్దేరిన వేడి అట,
యాంటెన్నా ఎటు తిప్పినా
అంతే వస్తుందట.
"దిక్కు లేకపోవడం కాదమ్మా,
అన్ని దిక్కులూ ఉండటం."
లక్షలో ఒక వంతు తేడా ఉందట, ఆ తేడాలోంచే
నక్షత్రాలూ మనమూ వచ్చామట.
అది నాకు ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు.

మంచిర్యాల్లో మా చిన్నమ్మ వాళ్లకు నేను మరాఠోళ్ల పిల్లని.
చంద్రపూర్ ఆఫీసులో గుమాస్తాకు తెలుగామెని.
అదే మనిషి, అదే చీర, రైలు మాత్రమే తిరిగింది.

నిన్న కొత్తగా చేరిన కుర్రాడు, కోవే,
రెండు పట్టీలూ కలిపేసి బిక్కమొహం వేశాడు.
"అక్కా, ఏది ఎటుదో ఎట్ల తెలుస్తది?"
తడుపు, అన్నాను.

పొడిగా ఉన్నంతసేపు కాగితం ఏమీ చెప్పదు.
మా అమ్మ కూడా ముప్పై ఏళ్లు
గల్లీలో మరాఠీయే మాట్లాడింది, బేరాలు, తగవులు, జోకులు.
పక్కింటి మేష్రామ్ కాకూ పోయిన రోజు
కోడళ్లను మరాఠీలోనే ఓదార్చింది.
పాడె లేచాక గోడకు ఒరిగి
"ఓ నా అక్కా, నన్నిడిసి పోతివా" అని
రాగం తీసింది.
కాకూకి తెలుగు ఒక్క ముక్క రాదు.

కోవే పట్టీని నీటి మీద వేశాడు.
ఒక్క క్షణం ఊరికే తేలింది.
తర్వాత మెల్లగా
తాను పుట్టిన వైపు ఇరుసుగా చేసుకుని
చుట్టుకోవడం మొదలుపెట్టింది.