ఈగ వాలనివ్వని మనిషి

ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళారా, అని అడిగింది డాక్టర్ తురీద్.
చేపల ఫ్యాక్టరీకి, అన్నాను.
నవ్వలేదు. అదే రాసుకుంది.

వార్దోలో జనవరి.
నలభై రోజులుగా సూర్యుడి జాడ లేదు.
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు.
ఈ చలిలో దోమ అన్న మాటే
వేసవిలో ఎవరో మరిచిపోయి వెళ్ళిన టోపీలా ఉంది.

మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు.
కణుపులు వాచి
కాడ్ చేప పొట్ట చీరే కత్తి
రెండుసార్లు జారింది.

జబ్బు పేరు చెప్పింది.
చిన్న పేరే. పిల్లికి పెట్టుకోవచ్చు.
దాన్ని మోసే దోమ బతకాలంటే
గాలికి చెమట పట్టాలి,
పూలకుండీ కింద నీళ్ళు నిలవాలి.
ఇక్కడ నీళ్ళు నిలవవు. గడ్డకడతాయి.

మీ ఇంట్లో ఎవరైనా?

ఒద్వార్ గోడకానుకుని
ఊలు టోపీని గుండ్రంగా తిప్పుతున్నాడు.
ఆర్నెల్లు బెలెం రేవులో
ఓడల అడుగులు వెల్డింగ్ చేసి
డిసెంబరు పదిహేడున దిగాడు.
ఎలా ఉంది ఆ ఊరు అంటే
వేడి, అన్నాడు. అంతే.
వీపంతా దద్దుర్లు. ఎండదెబ్బ అనుకుని
నేనే రాశాను చేపనూనె.
అవి తగ్గాయి. మేం మరిచిపోయాం.

డాక్టర్ గొంతు సవరించుకుంది.
వాళ్ళమ్మా నేనూ ఒకే బెంచీ మీద చదివాం,
ఆ ప్రశ్న ఆమెకే కష్టమైంది.
ఎన్నిసార్లు, అంది, కాగితంతో.
నేను వేళ్ళు మడవసాగాను.
యాభై మూడేళ్ళ మనిషికి చెవులు కందిపోయాయి.
ఆర్నెల్లమ్మా, అన్నాను. ఆర్నెల్ల తర్వాత వచ్చాడు.

అప్పుడు నవ్వింది.

సముద్రం దాటేంత రెక్కలు లేవు దానికి.
అతన్ని కుట్టి ఊరుకుంది.
మిగతా దారి మేమే వేశాం,
దుప్పటి కింద, దీపం ఆర్పి,
ఒకరికొకరం ఎంత బెంగపడ్డామో
మాటల్లో చెప్పడం చేతకాక.

మా అమ్మ అనేది:
నీ మీద ఈగ వాలనివ్వడే ఈ మనిషి.
నిజమే. వాలలేదు.

ఫ్యాక్టరీలో పక్క బల్ల యోరున్
చెవి దగ్గరికొచ్చింది.
అక్కడెవరో ఉండే ఉంటుంది, చూసుకో.
దోమే, అన్నాను.
ఆడదే కదా కుట్టేది, అంది.
ఇద్దరం కత్తులు కింద పెట్టి నవ్వాం,
నాకు కణుపులు కలుక్కుమనేదాకా.

మూడు నెలలు జాగ్రత్త అని
చిన్న అట్టపెట్టె ఇచ్చింది డాక్టర్.
ఒద్వార్ దాన్ని రొట్టెల డబ్బా వెనక దాచాడు,
ఇంట్లో ఇంకెవరున్నారని?
తన దిండు తీసుకెళ్ళి
కుట్టుమిషను గదిలో పడుకున్నాడు,
తప్పు చేసినవాడిలా.

మూడో రాత్రి
గుమ్మంలో నీడ.
చలిగా ఉందా?
లేదు.
కదల్లేదు అక్కడినుంచి.

జ్వరం నా కళ్ళ వెనక ఇంకా కాగుతోంది.
నువ్వు చెప్పింది నిజమే, అన్నాను,
బాగా వేడి ఊరు.

చాలాసేపటికి,
అక్కడ రోజూ రెండింటికి వాన, అన్నాడు.
గడియారం సరిచేసుకోవచ్చు.
రోడ్ల మీద మామిడికాయలు రాలుతాయి,
కార్ల మీద, ధన్ ధన్‌మని...

గుమ్మంలోనే కూర్చున్నాడు.
చెబుతూనే ఉన్నాడు.