గది ఉష్ణోగ్రత

మా తాత దూదేకేవాడు.
నేను దుమ్మేకుతాను.
వింటినారి మీద ఆయన కొడితే
వాకిట్లో మబ్బులు లేచేవంట;
నేను పెయింటు బ్రష్షుతో మెల్లగా గీకితే
గ్రాఫిక్స్ కార్డు రెక్కల్లోంచి
చీమకుర్తి కొండ పొడిపొడిగా రాలుద్ది.

నల్లరాయి దుమ్ము తెల్లగా ఉంటది, ఎందుకో.
టార్చి వేస్తే అందులోనూ ఒకటీ అరా మెరుపులు.
పలకలు కోసేవాళ్ళు వాటిని చుక్కలంటారు,
రేటంతా వాటికే.
నా బల్ల మీదికి వచ్చేసరికి
అవి ఆట ఆగిపోవడానికి కారణాలు.

"సైదమ్మక్కా, మిషను ఏడుస్తాంది" అంటా వస్తారు పిల్లకాయలు.
ఏడుపు కాదది, ఆయాసం.
బంతి గోల్లోకి పొయ్యే క్షణాన
ఫ్యాను విమానంలా లేచి, బొమ్మ బిగుసుకుపోయి,
క్రేను మాల్యాద్రి తన్నిన కాలు గాల్లోనే ఉండిపోద్ది.
ఎండిన పేస్టు తుడిచి
కొత్తది బఠాణీగింజంత పెడతాను.
మూడొందలు. ఎండాకాలం నాలుగొందలు.

మొన్న పాలిటెక్నిక్ జిలానీ
ఫోను నా ముక్కు కింద పెట్టాడు.
బిళ్ళంత నల్లరాయి, అయస్కాంతం మీద
దేన్నీ తాకకుండా
ఒక మూల కొంచెం ఒంగి
తేల్తా ఉంది.
"కరెంటుకి అడ్డం చెప్పని రాయక్కా.
అడ్డం లేకపోతే వేడే లేదు.
ఐసు పెట్టే పని కూడా లేదు,
గది ఉష్ణోగ్రత చాలు."

ఎవరి గది? అన్నాను.

రోహిణికార్తె. రేకుల కప్పు.
గోడనున్న థర్మామీటరు నలభై నాలుగు దగ్గర నిలబడి
ఇంకో గీత ఎక్కనా వద్దా అని చూస్తా ఉంది.
ఆ రాయి పుట్టిన గదిలో ఏసీ ఉండుంటది.
ఇక్కడికొస్తే దానికీ చెమట పడుద్దేమో.

అయినా చెప్పమన్నాను. స్టూలు లాక్కుని చెప్పాడు.
ఇటుకంత అడాప్టరు అగ్గిపెట్టంత అవుద్దంట.
చేతిలో పట్టుకుని ఆడేదానికి
తిరునాళ్ళకి పోయి వచ్చిందాకా ఛార్జి దిగదంట.
పెట్టెకి గాలిరంధ్రాలే ఉండవంట,
కొబ్బరికాయలా మూసేసి అమ్ముతారంట.

మరి ఫ్యాన్లు?
"ఇంక ఫ్యాన్లెందుక..." అంటా
నా చేతిలో బ్రష్షు చూసి ఆగిపోయాడు. మంచి పిల్లోడు.
"పూర్తిగా పోవులేక్కా. తీగలు చల్లబడినా
కోట్ల మీటలు టకటక పడేచోట కొంత సెగ ఉంటది.
పైగా ఆ రాయైనా మొయ్యగలిగినంతే మోస్తది.
మించితే మామూలు తీగే."

ఆ చివరి మాటకి
ఆ రాయి మీద నాకు నమ్మకం కుదిరింది.

వారం తిరక్కముందే అది ఉత్తదన్నారు.
జిలానీ రెండు రోజులు షాపు వైపు రాలా.
మూడోరోజు టీ తెప్పించి
ఇంకోటి దొరుకుద్దిలేరా, కొండలు అయిపోయినయ్యా, అన్నాను.

రాత్రి షట్టరు సగం దించాక
ఎవరూ తిరిగి అడగని పాత పెట్టె మీద
మా అన్న నాగూరు ఆడతాడు.
పద్దెనిమిదేళ్ళు క్వారీలో డ్రిల్లు పట్టినోడు.
పడుకుంటే ఊపిరాడదు, అందుకని కూర్చుంటాడు.
సముద్రం అడుగున ఈదే ఆట.
తెర మూల నీలం గీత,
బొమ్మమనిషికి మిగిలిన గాలి.
అది ఎర్రబడేలోగా పైకి తేవాలి.
అన్న ఎప్పుడూ తెచ్చేస్తాడు. బంగారం అక్కడే వదిలేసైనా.

ఫ్యాను హోరులో దగ్గు కలిసిపోయి
ఏది ఎవరిదో తెలవదు.
ఫ్యాను లేని మిషను వచ్చిన రాత్రి
ఈ గదిలో ఏం వినపడుద్దో నాకు తెలుసు.

అయినా రానీ.
బ్రష్షు కడిగి ఆరబెట్టాను.
తాత విల్లు ఇంట్లో మేకుకు వేలాడతా ఉంది, నారి లేకుండా.
ఆ పక్కన
ఇంకో మేకుకి చోటుంది.